మిద్దె మీద సొరపాదు: కొస ఎప్పుడు తుంచాలి, ఎక్కడ తుంచాలి?

మొన్న మా వీధిలో ఒకావిడ పిలిచి మిద్దె ఎక్కించారు. సొరతీగ పిట్టగోడ దాటి పక్కింటి డిష్ మీదికి పాకింది. పువ్వులకు కొదవ లేదు, పిందె మాత్రం ఒక్కటీ లేదు. "కొస తుంచారా అమ్మా?" అంటే, "ఒకే తీగ బలంగా రావాలని పక్కకొమ్మలన్నీ తీసేశాను" అన్నారు. తుంచాల్సింది ఉంచి, ఉంచాల్సింది తుంచారన్నమాట. అనంతపురంలో ఈ తప్పు చూసీ చూసీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

సామాన్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. అడుగున్నర లోతుండే గ్రోబ్యాగు, సగం ఎర్రమన్ను, సగం మాగిన పశువుల ఎరువు, రెండు గుప్పిళ్ల వేపపిండి. రెండు గింజలు అంగుళం లోతున పెట్టి, మొలిచాక బలమైనదాన్ని ఉంచండి. విత్తనం జూన్ తొలివానలకే పెట్టాలి. జనవరిలోనూ పెడతారు కానీ, మన ఎండలకు మగపువ్వులు ఎక్కువ వస్తాయి, నీళ్లు మోసి నడుము విరుగుతుంది. పందిరికి నైలాన్ వల చాలు. కట్టడానికి మాత్రం జనపతాడే వాడండి, ప్లాస్టిక్ దారం లేత తీగను కోస్తుంది.

ఇక అసలు పని. సొరలో మొదటి తీగకు ఎక్కువగా మగపువ్వులే పూస్తాయి. ఆడపువ్వులు పక్కకొమ్మల మీద, ఆ కొమ్మలకు వచ్చే పిల్లకొమ్మల మీద ఎక్కువ. కొసలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కింది మొగ్గలను లేవనివ్వదు. కొస పోతే అవి లేస్తాయి. కంది చేలో కొసలు తుంచే రైతుకు ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. ఇప్పుడు దీనికే త్రీజీ కటింగ్, అంటే మూడో తరం కొమ్మల కోసం తుంచడం, అని పేరు పెట్టారు.

తొందరపడొద్దు. నాలుగాకులకే తుంచితే తీగకు వేళ్ల బలం ఉండదు, కొమ్మలు పుల్లల్లా వస్తాయి. పది పన్నెండు ఆకులు విచ్చుకుని, తీగ ఆరడుగులు దాటే దాకా ఆగండి. అలాగని పందిరంతా అల్లుకున్నాక తుంచితే అప్పటికే బలమంతా మగపువ్వులకు పోయి ఉంటుంది.

తుంచే ముందు కొస దగ్గర కాకుండా, కింది ఆకుల దగ్గర చూడండి. ఆకు కాడ తీగకు అతుక్కునే మూలలో మూడు రకాలు కనిపిస్తాయి. రెండుగా చీలి మెలితిరిగేది నులితీగ. సన్నటి పొడుగు కాడతో నిలబడేది మగమొగ్గ. పొట్టిగా, నూగుతో, ముడుచుకున్న చిట్టి ఆకుతో ఉండేది పక్కకొమ్మ. చాలామంది నులితీగ అనుకుని ఆ చిగురునే గిల్లేస్తారు. దాన్ని గిల్లితే ఆ కణుపు దగ్గర ఆశ వదులుకోవాల్సిందే. రెండు మూడు చోట్ల ఆ చిగురు కనిపించాకే పై కొస తీయండి.

తీయాల్సింది కొసలో ముడుచుకున్న లేత ఆకులతో కలిపి రెండంగుళాలే. అడుగు పొడవు కోసేసి కూర వండుకుంటే ఎట్లా? విచ్చుకున్న ఆకుకు అర అంగుళం పైన తుంచాలి, కణుపు నలగకూడదు. లేతగా ఉంటే గోరు చాలు. గోటికి తెగకపోతే ఆలస్యమైందని అర్థం, అప్పుడు స్పిరిట్‌తో తుడిచిన బ్లేడు వాడండి. వంకాయ కోసిన కత్తెర వద్దు. పొద్దున్నే, మంచు ఆరాక, వాన లేని రోజు చేయండి. తుంచిన చోట నీటి బొట్టు ఊరుతుంది. దానికి పసుపు పూయడం, మైనం అద్దడం అన్నీ అనవసరం. ఆ వారం ఎరువు కూడా వేయొద్దు. ఎరువు వేస్తే ఆకే పెరుగుతుంది.

కొమ్మలు లేచాక గట్టివి మూడు ఉంచి, నేల నుంచి రెండడుగుల దాకా ఉన్నవి తీసేయండి. ఐదారు ఉంచేవాళ్లున్నారు, నేలలో అయితే సరే, గ్రోబ్యాగులో మూడే. ఒక్కో కొమ్మ పది పన్నెండు ఆకులు వేశాక దాని కొసా అలాగే తుంచండి. ఆ తర్వాత వచ్చే పిల్లకొమ్మల జోలికి పోవద్దు. మగపువ్వులు కూడా కొన్ని ఉండాలి, వాటిని గిల్లేసే అతితెలివి వద్దు.

తీగను పందిరికి ఎనిమిది అంకె ఆకారంలో, వేలు దూరేంత వదులుగా కట్టండి. ఆషాఢంలో మన గాలి సంగతి తెలిసిందే. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. మూరకో కట్టు లేకపోతే ఒక్క రాత్రికే కొమ్మ కణుపు దగ్గర చీలుతుంది.

ఆడపువ్వు కింద బొటనవేలంత నూగుపిందె ముందే ఉంటుంది. సొరపువ్వు సాయంత్రం విచ్చి పొద్దుటికి వాడిపోతుంది. పొద్దున తేనెటీగల కోసం ఎదురుచూసి లాభం లేదు. దీపాలు పెట్టే వేళ మిద్దె ఎక్కి, మగపువ్వు తెంపి, రేకులు తీసేసి, పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దండి. పిందె పసుపుబారి రాలకుండా, నాలుగు రోజుల్లో కాడ లావై కిందికి వాలితే కాయ నిలిచినట్టే. గోరు సులువుగా దిగేటప్పుడే కోసేయండి. ముదరనిస్తే గింజలు గట్టిపడతాయి, తీగ కొత్త పిందెలు వేయడమూ తగ్గిస్తుంది.