మీరు ‘క్యాన్’ అంటే అమెరికన్లకి ‘క్యాంట్’ అని వినిపిస్తోందా?

సమస్య: కాల్‌లో మీరు ‘ఐ క్యాన్ జాయిన్ ఆన్ మండే’ అంటారు. అవతలివాళ్ళు ‘ఓకే, వాట్ అబౌట్ ట్యూస్‌డే?’ అని అడుగుతారు. మళ్ళీ చెప్తారు, ఈసారి ఇంకా గట్టిగా, దాంతో పరిస్థితి ఇంకా చెడుతుంది.

దీనికి మనవాళ్ళు చేసేది నాలుక మడిచి ‘ర్’ పలకడం, ‘వి’కీ ‘డబ్ల్యూ’కీ తేడా సాధన చేయడం. రోగం ఒకటి, మందు ఒకటి. ముందు మీ మాట ఫోన్‌లో రికార్డ్ చేసుకుని, వాక్యంలో ఏ మాటని నొక్కుతున్నారో వినండి. ఎన్నిసార్లు చెప్పినా ఈ ఒక్క పనీ వదిలేస్తారు, నాకు బాధ కలిగేది అక్కడే.

కారణం: తెలుగులో రాసిన ప్రతి అక్షరాన్నీ నిండుగా పలుకుతాం. ఇంగ్లిష్‌లో ఒకచోట నొక్కి, మిగతావి మింగేస్తారు. పై వాక్యంలో అమెరికన్ ‘క్యాన్’ అనడు, ‘కన్’ అని తేల్చేసి నొక్కంతా ‘జాయిన్’ మీద పెడతాడు. ‘క్యాంట్’లో మాత్రం అచ్చు నిండుగా ఉంటుంది, చివరి ‘ట్’ చాలాసార్లు గొంతులోనే ఆగిపోతుంది. అంటే వాళ్ళ చెవి ‘ట్’ కోసం చూడట్లేదు, అచ్చు బలాన్ని పట్టుకుంటోంది. మీరు స్పష్టంగా చెప్దామని ‘క్యాన్’ని ఎంత నొక్కితే అంత ‘క్యాంట్’ అవుతుంది!

పరిష్కారం: అవునంటే ‘ఐ కన్ జాయిన్’, కాదంటే ‘ఐ క్యానాట్’ అని విడదీసి చెప్పండి. మీ తెలుగు యాస మార్చుకోనక్కర్లేదు, నొక్కే చోటు మారితే చాలు.

‘థర్టీ’, ‘థర్టీన్’ తికమకా ఇదే: మొదటిదాంట్లో నొక్కు ‘థర్’ మీద, రెండోదాన్ని విడిగా చెప్పేటప్పుడు ‘టీన్’ మీద. ‘డెవలప్’లో మనం ‘డె’ నొక్కుతాం, వాళ్ళు ‘డివెలప్’ అని రెండో అక్షరం. ‘ఫోటోగ్రాఫ్’లో ‘ఫో’, కానీ ‘ఫోటోగ్రఫీ’ వాళ్ళ నోట ‘ఫటాగ్రఫీ’. అనుమానం వస్తే డిక్షనరీలో ఉచ్చారణ చూడండి, పైన ఉండే చిన్న నిలువు గీత ఏ అక్షరం ముందుంటే దాన్నే నొక్కాలి. పాఠం చెప్పేవాళ్ళు కొత్త మాటని బోర్డు మీద రాసేటప్పుడే ఆ గీత కూడా పెట్టండి.

వాళ్ళ మాట మీకు అర్థం కాకపోయినా కారణం చాలావరకు ఇదే, మింగేసిన అక్షరాల కోసం వెతుకుతుంటారు. సబ్‌టైటిల్స్ ఆపి, ఒక్క వాక్యం తీసుకుని నొక్కిన మాటలే రాసుకోండి, ఆ తర్వాత మిగతావి పూరించండి.

నత్తి, వినికిడి లోపం ఉందేమోనని అనుమానముంటే డాక్టర్‌కి చూపించుకోండి. హెడ్‌సెట్ పాడైతే మార్చేయండి.