పసిబిడ్డను తల్లి గుండెలకు ఆనించి పడుకోబెట్టడం ఎలా?

దీనికి పెద్దగా కొనాల్సిందేమీ లేదు. ముందువైపు బొత్తాలున్న కాటన్ నైటీ, బిడ్డకు డైపర్, టోపీ, మెత్తబడిన పాత నూలుచీర ముక్క, వీపు వెనక దిండ్లు. మాల్‌లో వేలు పోసి కొనే క్యారియర్లు బిడ్డను మోసుకు తిరగడానికి, ఈ పనికి కాదు. డిసెంబరు, జనవరి నెలల బెంగళూరు చలికి కిటికీ మూసి, ఫ్యాను ఆపండి. సాంబ్రాణి పొగ మాత్రం ఆ గదిలో వద్దు, ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మ ఎంత అలిగినా సరే.

పొద్దున బిడ్డ పాలు తాగి, త్రేన్చాక మొదలుపెట్టాలి. సాయంత్రం చుట్టాలు దిగుతారు, కుదరదు. వేసుకుంటే కనీసం గంట. పది నిమిషాలకే తీసి ఊయల్లో వేస్తే బిడ్డ నిద్ర చెడడం తప్ప ఒరిగేదేమీ లేదు. నెలలు నిండకుండా లేదా తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు లెక్క వేరు: రోజుకు 8 గంటల నుంచి 24 గంటల వరకు, అదీ డాక్టరు చెప్పినట్టు. కంగారూ సంరక్షణ అనే ఈ పద్ధతి 1978లో కొలంబియాలోని బొగోటాలో అలాంటి బిడ్డల కోసమే మొదలైంది.

ఇక అందరూ తప్పు చేసే చోటు: మెడ. తల్లి పూర్తిగా వెల్లకిలా పడుకోకూడదు, నిటారుగానూ కూర్చోకూడదు. పడక కుర్చీలో వాలినట్టు సగం వాలాలి. బిడ్డ రెండు రొమ్ముల మధ్య నిలువుగా, పొట్ట తల్లి ఒంటికి ఆని, కాళ్లు కప్పలా ముడిచి ఉండాలి. తల ఒక పక్కకు తిప్పి, గడ్డం కాస్త పైకి. గడ్డం ఛాతీకి ఆనితే మెత్తటి శ్వాసనాళం నొక్కుకుపోతుంది. బిడ్డ ఏడవదు, చప్పుడు చేయదు, ‘హాయిగా నిద్రపోతోంది’ అనుకుంటారు. తల మరీ వెనక్కి వాలినా అంతే ప్రమాదం. బిడ్డను, తల్లిని కలిపి చుట్టిన చీర ముక్క పై అంచు చెవి కిందికే రావాలి. ముక్కు, నోరు తల్లి కళ్లకు ఎప్పుడూ కనబడుతుండాలి. గుడ్డలోకి రెండు వేళ్లు దూరాలి, బిడ్డ మాత్రం కిందికి జారకూడదు.

తల్లికి కునుకు పడుతుంటే అక్కడితో ఆపేయాలి. నిద్రమాత్రలు, మత్తు కలిగించే నొప్పి మందులు వేసుకున్న రోజు అసలు వద్దు. సోఫాలో బిడ్డతో నిద్రపోవడం అన్నిటికంటే చెడ్డది. పక్కన ఇంకో మనిషి మెలకువగా ఉండాలి, ఫోను చూస్తూ కాదు. పెదాలు నీలంగా మారినా, మూలుగుతూ ఊపిరి తీస్తున్నా, ఒళ్లు వడిలినట్టున్నా వెంటనే ఆసుపత్రికి. సిజేరియన్ అయితే బిడ్డను కుట్లకు తగలకుండా కాస్త పైకి వేసుకోవాలి.

ఒళ్లు ఒంటికి తగిలినా, బిడ్డ చన్ను చీకినా తల్లిలో ఆక్సిటోసిన్ అనే హార్మోను విడుదలవుతుంది. పాలు చేపుకు రావడం దాని పనే. ‘పాలు చాలట్లేదేమో, డబ్బా పట్టకూడదూ’ అని పక్కన ఒకరు అన్నారనుకోండి, ఆ కంగారులో పుట్టే అడ్రినలిన్ చేపును అడ్డుకుంటుంది. రొమ్ములో పాలుంటాయి, దిగవు. కాబట్టి ఆ గంటలో సలహాలిచ్చేవాళ్లను బయటికి పంపండి.

గంట గడిచినా ప్రేమ పొంగుకు రాలేదని కొందరు బాలింతలు బెంగపడతారు. ఆక్సిటోసిన్ స్విచ్ కాదు, మమకారానికి వారాలు పట్టడం మామూలే. మాయ పడిపోయాక ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరోన్ హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి; మూడో రోజు నుంచి ఊరికే ఏడుపు రావడం అందుకే కావచ్చు. అది రెండు వారాల్లో తగ్గాలి. తగ్గకపోతే పథ్యం మార్చడం, దిష్టి తీయడం కాదు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. అక్కడ ఎడిన్‌బరో ప్రశ్నావళి ఇస్తారు: 10 ప్రశ్నలు, గరిష్ఠంగా 30 మార్కులు. 13, ఆపైన వస్తే డిప్రెషన్ ఉందేమోనని డాక్టరు లోతుగా చూస్తారు. తనకు తాను హాని చేసుకోవాలనిపిస్తోందా అనే చివరి ప్రశ్నకు అవునని వస్తే, మొత్తం ఎంతైనా ఆ రోజే సాయం కావాలి. పాలిస్తూనే వాడదగ్గ మందులున్నాయి, మీకు మీరే పాలు మాన్పించకండి.

మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీ మానస్, నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడతారు. తల్లి నిద్రే లేకుండా హుషారుగా తిరుగుతూ, లేని మాటలు వినబడుతున్నాయంటే, బిడ్డను ఎవరో మార్చేశారంటే అది అత్యవసరం: బిడ్డను మరొకరికి అప్పగించి, తల్లిని ఒంటరిగా వదలకుండా వెంటనే బయల్దేరాలి. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో 2009 నుంచి తల్లీబిడ్డలను కలిపి చేర్చుకునే వార్డు ఉంది.

తల్లికి ఒంట్లో బాగోలేని రోజు తండ్రి చొక్కా విప్పి ఇదే పద్ధతిలో వేసుకోవచ్చు. ఆ గంట బాలింత పక్క గదిలో పడుకోవాలి, వంటింట్లోకి కాదు.