ప్రోస్టేట్ వాపు అనుమానమా? వీడియో కాల్‌లో తేలేదెంత, తేలనిదెంత

సాయంత్రం ఏడు దాటాక నాకు వచ్చే వీడియో కాల్స్‌లో కొన్ని అచ్చం ఒకేలా ఉంటాయి. పాతికేళ్ల అబ్బాయి, చెవుల్లో ఇయర్‌ఫోన్స్, వెనకాల హాస్టల్ మేడ మీది నీళ్ల ట్యాంకు. "సార్, కొంచెం వేడి చేసినట్టుంది" అని మొదలుపెడతాడు. ఇంకో నాలుగు ప్రశ్నలు అడిగితే గానీ అసలు సంగతి బయటికి రాదు. వృషణాలకూ మలద్వారానికీ మధ్య నొప్పి, మూడు నెలలుగా. ఈలోగా మందుల షాపులో అడిగి రెండుసార్లు యాంటీబయాటిక్ వాడేసి ఉంటాడు.

ప్రోస్టేట్ అనగానే తాతయ్యల జబ్బనో, క్యాన్సరనో కంగారు పడతారు. 50 లోపు మగవాళ్లకు ప్రోస్టేట్‌తో వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువగా కనిపించేది మాత్రం ఈ వాపే. పెద్ద ఉసిరికాయంత ఉండే ఈ గ్రంథి మూత్రాశయం కింద ఉంటుంది, మూత్రనాళం దాని మధ్యలోంచే వస్తుంది. అందుకే నొప్పి, మూత్రం ఇబ్బంది, వీర్యం పడేటప్పుడు మంట మూడూ కలిసి రావచ్చు. లక్షణాలు కొద్దిగానే ఉంటే, ఫోన్ మీద సగం పని చక్కగా అయిపోతుంది.

ముందు ఇది చూసుకోండి: ఇవి ఉంటే కాల్ వద్దు

చలితో జ్వరం, మూత్రం బొట్టు కూడా రాకపోవడం, నడుము పక్కన నొప్పితో పాటు జ్వరం, మూత్రంలో రక్తపు గడ్డలు. వీటిలో ఏది ఉన్నా నేరుగా ఆసుపత్రికే వెళ్లండి, లేదా 108కి ఫోన్ చేయండి. జ్వరంతో వచ్చే ప్రోస్టేట్ ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకగలదు.

ఒక వైపు వృషణంలో హఠాత్తుగా భరించలేని నొప్పి వస్తే అది ప్రోస్టేట్ కాకపోవచ్చు, వృషణం మెలిపడి ఉండొచ్చు. సుమారు 6 గంటల్లో ఆపరేషన్ జరిగితేనే దాన్ని నిలబెట్టుకునే అవకాశం బాగా ఉంటుంది. అర్ధరాత్రయినా తెల్లారేదాకా ఆగకండి.

సమస్య: కాల్‌లో నోరు పెగలడం లేదు

కారణం తెలిసిందే. పక్క మంచం మీద రూమ్మేట్, పక్క గదిలో అమ్మ. నేను అడిగినవాటికి "ఆ", "ఊఁ", "లేదు సార్" తప్ప ఏమీ రాదు.

అందుకని ముందే రాసి చాట్‌లో పెట్టండి. ఒక అబ్బాయి పంపింది ఇంతే: "సంక్రాంతి అయినప్పటి నుంచి. కూర్చుంటే ఎక్కువ, పడుకుంటే తక్కువ. రాత్రి 2 సార్లు లేస్తున్నా. వీర్యం పడ్డాక అరగంట మంట. బైక్ మీద రోజూ 40 కిలోమీటర్లు. పెళ్లి కాలేదు, కలయిక ఉంది." ఈ ఆరు ముక్కలతోనే నా ప్రశ్నల్లో ముప్పాతిక తీరిపోయాయి. ఆఖరి ముక్క రాయడానికి అతనికి ఎంత ధైర్యం కావాల్సి వచ్చిందో నాకు తెలుసు. దాచకుండా రాశాడు కాబట్టే ఏ టెస్టులు కావాలో వెంటనే చెప్పగలిగాను. మర్మాంగాల ఫొటోలు మాత్రం డాక్టరు అడగకుండా పంపకండి. ఈ నొప్పిలో బయటికి కనిపించేది సాధారణంగా ఏమీ ఉండదు.

దీనికోసం 1999లో తయారైన ఒక ప్రశ్నావళి ఉంది. 13 ప్రశ్నలు, గత వారం రోజుల నొప్పి, మూత్రం, మనశ్శాంతి గురించి. మొత్తం 43 పాయింట్లు. కాల్‌లోనే అయిదారు నిమిషాల్లో పూర్తవుతుంది. ఆ అంకె రాసి దాచుకోండి, తర్వాత దానితో పని ఉంది.

సమస్య: మాత్రలు వాడితే తగ్గుతోంది, ఆపగానే మళ్లీ వస్తోంది

ఎక్కువ మంది చిక్కుకునేది ఇక్కడే, నాకు ఎక్కువ బాధ కలిగించేదీ ఇదే.

షాపులో ఇచ్చేది తరచుగా సిప్రోఫ్లాక్సాసిన్ లేదా లెవోఫ్లాక్సాసిన్, ఐదు రోజులకు. ఇందులో మూడు తిరకాసులున్నాయి. ప్రోస్టేట్‌లో నిజంగా బ్యాక్టీరియా పాతుకుపోయి ఉంటే ఐదు రోజులు చాలవు, డాక్టర్లు 4 నుంచి 6 వారాలు ఇస్తారు. బ్యాక్టీరియా లేకపోయినా ఈ మందులకు వాపును కాస్త తగ్గించే గుణం ఉంది. పైగా ఈ నొప్పి తనంతట తానే ఎక్కువవుతూ తగ్గుతూ ఉంటుంది, దాంతో మందే పనిచేసిందని నమ్మేస్తాం. మూడోది మన దేశంలో మరీ ముఖ్యం. లెవోఫ్లాక్సాసిన్ టీబీ మీద కూడా పనిచేస్తుంది. లోపల మూత్రవ్యవస్థకు టీబీ ఉంటే కొన్నాళ్లు అణిగి, రోగం దొరకడమే ఆలస్యమవుతుంది. ఈ రకం మందులతో కండరాలను ఎముకలకు పట్టి ఉంచే స్నాయువులు దెబ్బతినొచ్చని, నరాలకూ ఇబ్బంది రావచ్చని అమెరికా ఎఫ్‌డీఏ 2016లో గట్టి హెచ్చరికే ఇచ్చింది. జలుబు మాత్రలా కొనుక్కునే మందు కాదిది.

పరిష్కారం: మాత్ర మొదలుపెట్టక ముందే యూరిన్ టెస్టు, కల్చర్ (మూత్రంలో బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే పరీక్ష). ఇప్పటికే వాడుతుంటే ఆ మాట డాక్టరుకు చెప్పండి, కల్చర్ ఎప్పుడు చేయాలో ఆయనే చెప్తారు. శాంపిల్ పట్టే పద్ధతి కూడా ముఖ్యం. చేతులు కడుక్కుని, ముందు చర్మం వెనక్కి జరిపి నీళ్లతో శుభ్రం చేసుకోండి. మొదటి ధార వదిలేసి, మధ్య ధారను ల్యాబ్ వాళ్లిచ్చిన డబ్బాలో పట్టండి. డబ్బా లోపలి భాగాన్ని వేలితో తాకకండి. గంట రెండు గంటల్లో ల్యాబ్‌కు చేరాలి. ఇంటికొచ్చి తీసుకెళ్లే వాళ్లయితే వాళ్లు వచ్చే వేళకే పట్టండి, పొద్దున పట్టి మధ్యాహ్నం దాకా కిటికీలో ఉంచొద్దు. కల్చర్ ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది, అంతవరకు ఓపిక పట్టాలి.

కలయిక ఉన్నవాళ్లకు కలయికతో సోకే క్లమీడియా, గనేరియా టెస్టు వేరే. దానికి మధ్య ధార పనికిరాదు, మొదటి ధారే కావాలి. రెండు డబ్బాలు అడిగి తీసుకోండి. ఈ ఇన్ఫెక్షన్ తేలితే భాగస్వామికీ వైద్యం చేయాలి.

సమస్య: కల్చర్‌లో 'నో గ్రోత్', నొప్పి మాత్రం అలాగే ఉంది

"రిపోర్టులో ఏమీ లేదు కదా, నీ మనసులోదే" అని ఇంట్లో అంటారు. అది తప్పు. ఆరు నెలల్లో కనీసం మూడు నెలలు వేధించే ఇలాంటి నొప్పిలో పదింట తొమ్మిది కేసుల్లో బ్యాక్టీరియా దొరకదు. నొప్పి నిజం. దీన్ని దీర్ఘకాలిక పెల్విక్ (కటి భాగపు) నొప్పి అంటారు.

ముందు యూరిన్ రిపోర్టులో పస్ సెల్స్ (చీము కణాలు) చూడండి. అవి ఎక్కువగా ఉండి కల్చర్‌లో ఏమీ పెరగకపోతే క్లమీడియా, టీబీ, రాయి ఈ మూడింటినీ డాక్టరు గుర్తు పెట్టుకోవాలి. కిడ్నీ నుంచి మూత్రాశయానికి వచ్చే గొట్టం కింది చివర ఇరుక్కున్న రాయి కూడా అంగం చివర నొప్పి, మాటిమాటికీ మూత్రం వచ్చేలా చేస్తుంది.

పస్ సెల్స్ కూడా లేకపోతే చాలామందిలో అసలు దోషి కటి అడుగున ఉండే కండరాలు. రోజుకు పది గంటలు కుర్చీలో, ఆపైన బైక్ మీద. టెన్షన్‌లో దవడ బిగించినట్టే ఆ కండరాలనూ తెలియకుండా బిగిస్తాం. వీడియో కాల్‌లో నేను ఒకటి చేయిస్తాను: గొంతుక్కూర్చుని, పొట్ట నిండేలా నెమ్మదిగా ఊపిరి తీసుకోమంటాను. ఊపిరి లోపలికి వెళ్తున్నప్పుడు కింద వదులైనట్టు అనిపిస్తే దారి దొరికినట్టే. రోజుకు రెండు పూటలా ఐదేసి నిమిషాలు చేయాలి. నెట్‌లో చూసి కెగెల్ వ్యాయామాలు మొదలుపెట్టకండి, ఇప్పటికే బిగిసిన కండరాన్ని అవి ఇంకా బిగిస్తాయి.

గోరువెచ్చని నీళ్ల టబ్‌లో 15 నిమిషాలు కూర్చోండి. ముప్పావు గంటకోసారి కుర్చీలోంచి లేవండి. మలబద్ధకం లేకుండా చూసుకోండి. కాఫీ, మద్యం, ఆవకాయ రెండు వారాలు మాని చూడండి, తేడా లేకపోతే ఆవకాయ మళ్లీ వేసుకోవచ్చు. ధార సన్నగా వస్తుంటే డాక్టరు టామ్సులోసిన్ లాంటి మందు రాయవచ్చు. దానితో లేచి నిలబడగానే కళ్లు తిరగొచ్చు, వీర్యం తగ్గినట్టు కనిపించవచ్చు. ఇవి ముందే చెప్పకపోతే కుర్రాళ్లు హడలిపోతారు.

సమస్య: మూత్రంలో తెల్లగా పోతోంది, బలం పోతోందేమో

బస్టాండ్ గోడల మీది పోస్టర్లు పెట్టిన భయం ఇది. ముక్కినప్పుడు రెండు చుక్కలు తెల్లగా రావడం చాలావరకు ప్రోస్టేట్ ద్రవమే. దానితో బలం పోదు, పెళ్లికి అడ్డం కాదు. పసుపుపచ్చగా, చీములా, మంటతో వస్తే మాత్రం పైన చెప్పిన టెస్టులు చేయించాలి.

సమస్య: స్కాన్‌లో 'ప్రోస్టేట్ కొద్దిగా పెద్దది' అని వచ్చింది

ఆ ఒక్క ముక్కతో వాపు ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. రాయి, మూత్రం పోశాక మిగిలిపోయేది చూడటానికి స్కాన్ పనికొస్తుంది. ప్రోస్టేట్ తయారుచేసే ఒక ప్రొటీన్‌ను రక్తంలో కొలిచే పీఎస్‌ఏ టెస్టు పాతికేళ్లకు సొంతంగా చేయించుకోవద్దు. వాపు ఉన్నప్పుడు అది పెరుగుతుంది, లేనిపోని క్యాన్సర్ భయం మొదలవుతుంది.

ఫోన్ చేయలేని పని

మలద్వారం గుండా వేలితో ప్రోస్టేట్‌ను తాకి చూడటం కెమెరాకు సాధ్యం కాదు. నొప్పి పెరుగుతుంటే, మూత్రం ఆగి ఆగి వస్తుంటే, కల్చర్‌లో బ్యాక్టీరియా తేలితే యూరాలజిస్ట్ (మూత్రవ్యవస్థ జబ్బుల డాక్టరు) దగ్గరికి స్వయంగా వెళ్లాలి. ఆ పరీక్ష నిమిషం లోపే అయిపోతుంది. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు కూడా ఫోన్‌లో తేలనప్పుడు నేరుగా రమ్మని చెప్పే బాధ్యత డాక్టరు మీదే పెట్టాయి. చీటీ మీద డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూసుకోండి. డబ్బు ఇబ్బందైతే ప్రభుత్వ టెలిమెడిసిన్ సేవ ఈ-సంజీవని ఉచితం.

రెండో కాల్ 4 నుంచి 6 వారాలకు పెట్టుకోండి. అదే 13 ప్రశ్నలు మళ్లీ వేస్తాం. పాత అంకె కంటే 6 పాయింట్లు తగ్గితే ఇదే దారిలో వెళ్దాం. తగ్గకపోతే ఆ రోజే యూరాలజిస్ట్ అపాయింట్‌మెంట్ తీసుకోండి, రిపోర్టులన్నీ వెంట పట్టుకెళ్లండి.