ముసలి పిల్లికి ఇన్సులిన్ వేసే ముందు

ముందు తిననివ్వండి. గిన్నె ముట్టకపోయినా, వాంతి చేసుకున్నా సూది ఆపి పశువైద్యుడికి ఫోన్ చేయండి. ఒక పూట తప్పితే సర్దుకోవచ్చు, ఖాళీ కడుపున వేస్తే ప్రాణం మీదికొస్తుంది.

సీసా మీద 40 (అంటే మిల్లీలీటరుకు 40 యూనిట్ల మందు, U-40) ఉంటే సిరంజీ 40దే కావాలి. 100 మందుని 40 సిరంజిలో అదే గీత దాకా లాగితే రెండున్నర రెట్లు పడుతుంది. మందులషాపులో ఏదో ఒకటి ఇస్తే తీసుకోకండి, ఇది చాలా ముఖ్యం.

రోహిణీ కార్తెలో నెల్లూరు, ఒంగోలు ఎండలు తెలిసినవే. సీసా 2–8 డిగ్రీల్లో, ఫ్రిజ్ లోపలి అరలో ఉంచండి. గడ్డకడితే పారేయండి.

వేశాక బొచ్చు తడిగా తగిలిందా? మందు బయటికి పోయుండొచ్చు. అయినా మళ్లీ వేయొద్దు.

తేనె దగ్గరుంచుకోండి. రక్తంలో చక్కెర పడిపోయి పిల్లి తూలినా, వణికినా చిగుళ్లకు రాసి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.