ఇంటి మరమ్మతు ఖర్చు మీద పడినప్పుడు: ముందు ఏం చేయాలి, డబ్బు ఎలా సర్దుకోవాలి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇంటికి వచ్చే పెద్ద మరమ్మతులను మనం అనుకోని ఖర్చులంటాం గాని, వాటిలో చాలావి ఏ నెలలో వస్తాయో ముందే తెలుసు, తేదీ ఒక్కటే తెలియదు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, ఈ మూడు తుపాన్లూ అక్టోబరు రెండో వారంలోనే మన తీరాన్ని దెబ్బతీశాయి. 2021లో గులాబ్ సెప్టెంబరు 26న కళింగపట్నం సమీపంలో తీరం దాటింది. ఆ రోజుల్లో కురిసే శ్లాబు మీది పగులు, తూముకు అడ్డుపడే చెత్త, ఎగిరిపోయే రేకు కింద వదులైన కొక్కెం వేసవి అంతా మన కళ్ల ముందే ఉంటాయి. అయినా ఖర్చు ఎదురైన రోజున ఈ మాట వల్ల ఉపయోగం లేదు కనుక, ముందు ఆ రోజున ఏం చేయాలో చూద్దాం.

ఏది పాడైనా మొదటి పని బాగుచేయించడం కాదు, నష్టం పెరగకుండా ఆపడం. గొట్టం పగిలితే ట్యాంకు దగ్గర వాల్వు కట్టేయాలి. ఆ వాల్వు ఎక్కడుందో ఇంట్లో ఒక్కరికే తెలియడం మన ఇళ్లలో మామూలు, ఆ ఒక్కరు సరిగ్గా ఆ రోజే ఊళ్లో ఉండరు. చెమ్మ ఎక్కిన గోడ మీది స్విచ్చు ముట్టుకుంటే జివ్వుమన్నా, తడిసిన బోర్డులో చిటపట వినిపించినా మెయిన్ ఆపేసి ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా అలాగే ఉంచాలి. స్తంభం నుంచి మీటరు వరకు ఉన్న తీగలో లోపమైతే సొంత మనిషిని ఎక్కించకుండా విద్యుత్ సంస్థ ఫిర్యాదు నంబరు 1912కు ఫోన్ చేయాలి. ఎగిరిపోయిన పెంకుల చోట టార్పాలిన్ పట్టా కప్పి తాడుతో బిగించాలి. తుపాను మరుసటి రోజు పట్టాకూ, రేకుకూ, మేస్త్రీ కూలికీ రేటు పెరుగుతుంది. పట్టా కప్పి పది రోజులు ఓపిక పట్టగలిగిన ఇంటికి అదే పని తక్కువలో అవుతుంది. శుభ్రం చేయడానికి ముందు ఫోనుతో ఫొటోలు తీసి పెట్టుకోవడం మరవకూడదు, వాటి అవసరం తరువాత వస్తుంది.

రెండో పని కారణం కనుక్కోవడం. ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే కాబట్టి కొంచెం నిలిచి చెబుతాను. గులాబ్ వానకు విజయనగరం శివారులోని మా ఇంటి పడకగది గోడ చెమ్మగిల్లితే, వాన నీరే దిగిందని నమ్మి లోపలి వైపు గీకించి, పుట్టీ పెట్టించి, రంగు వేయించాను. 9,000 రూపాయలు అయింది. సంక్రాంతి నాటికి చినుకు లేని రోజుల్లో అదే చోట రంగు మళ్లీ పొక్కింది. వాన లేకుండా గోడ తడుస్తోందంటే నీరు ఇంటి లోపలిదేనన్న చిన్న తర్కం నాకు అప్పటిదాకా తట్టలేదు. ట్యాంకు నుంచి గోడలో దిగే గొట్టం మలుపు దగ్గర జాయింటు వదులై ఉంది. దాన్ని మార్చడానికి సామాను, కూలి కలిపి 700 దాటలేదు.

కాబట్టి చెమ్మ కనబడగానే మేస్త్రీని కాక ముందు క్యాలెండరును అడగాలి. వాన పడిన రోజుల్లోనే తడిస్తే మేడ, పిట్టగోడ, సన్‌షేడు పైభాగం చూడాలి. ఏడాది పొడవునా తడిస్తే గొట్టాలను, స్నానాల గది గచ్చును అనుమానించాలి. నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు వరకే చెమ్మ ఉండి తెల్లటి ఉప్పు పొడి రాలుతుంటే అది పునాది నుంచి పైకి పాకే తేమ, మేడ మీద ఎంత పూత పూసినా అది తగ్గదు. గొట్టాల సంగతి తేల్చడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. రాత్రి అందరూ పడుకునే ముందు కుళాయిలన్నీ కట్టేసి, ట్యాంకులో నీటి మట్టం దగ్గర సుద్దముక్కతో గీత గీయాలి. తెల్లవారేసరికి మట్టం దిగితే, మరుసటి రాత్రి ట్యాంకు కింది వాల్వు కూడా కట్టేసి మళ్లీ చూడాలి. అప్పుడూ దిగితే ట్యాంకే కారుతోంది, దిగకపోతే గొట్టాల్లో ఎక్కడో పోతోంది.

మేడ మీద పగులును పట్టుకోవడానికి తూములు మూసి రెండు అంగుళాల నీరు నిలిపి ఒక రోజు చూడటం వాడుక. కొత్త శ్లాబుకైతే అది మంచిదే. రెండు అంగుళాల నీరంటే చదరపు మీటరుకు 50 కిలోలు, అంటే ప్రతి చదరపు మీటరు మీద ఒక సిమెంటు బస్తా పెట్టినట్లు. పెచ్చులూడి చువ్వలు బయటపడిన పాత శ్లాబు మీద ఈ సాహసం చేయకూడదు. చింతపల్లి, కళింగపట్నం, భావనపాడు వంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఉప్పు గాలికి చువ్వ త్వరగా తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక లోపలి నుంచే కాంక్రీటును చీల్చుతుంది. ఊడిన చోట సిమెంటు మెత్తితే రెండేళ్లలో ఆ మెత్తినదే ఊడుతుంది. చువ్వ వెనుక వరకు చెక్కి, తుప్పు గీకి, తుప్పు నిరోధక పూత వేసి, ఆ తరువాతే మరమ్మతుకు వాడే సిమెంటు మిశ్రమం నింపాలి. చువ్వ మందం బాగా తగ్గిపోయి ఉంటే మాత్రం మేస్త్రీ మాటతో ఆగక ఒకసారి ఇంజినీరుకు చూపించడం అవసరం. ఆ ఫీజును దుబారాగా చూసే అలవాటు మనకుంది. నా దృష్టిలో ఇంటి మీద పెట్టే రూపాయల్లో అంత అక్కరకొచ్చేది మరొకటి లేదు.

నీళ్ల మోటారు విషయంలోనూ ఇదే వరస. మోటారు గుంయ్‌మని తిరగకపోతే కాయిల్ కాలిపోయిందని తేల్చి రివైండింగుకు పంపేస్తారు. ముందు స్టార్టరు డబ్బాలోని కెపాసిటరు మార్చి చూడమని అడగండి, దాని ఖరీదు రివైండింగులో చిన్న వంతే.

కారణం తెలిశాక, ఏది ఇప్పుడే చేయాలి, ఏది ఆగగలదు అని విడదీయాలి. కరెంటు, కూలే ప్రమాదం, తాగునీరు, మరుగుదొడ్డి ఆగవు. మేడ మీద పూత నిజానికి ఆగవలసిన పని, ఎందుకంటే తడి శ్లాబు మీద పూసింది పట్టదు. ఫిబ్రవరి నుంచి మృగశిర కార్తె వచ్చేలోపు అది చేయించుకోవాలి. రంగు ఎప్పుడైనా ఆగుతుంది.

ఇక డబ్బు. దాచుకున్నది చాలనప్పుడు అప్పు ఏ వరసలో తేవాలన్నది ముఖ్యం. పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ ఉన్నవారు 12 వాయిదాలు కట్టి ఏడాది నిండితే, ఖాతాలో ఉన్న మొత్తంలో సగం వరకు దాని మీదే అప్పు తీసుకోవచ్చు. చాలామందికి ఈ సంగతి తెలియక ఖాతానే మూసేస్తారు. ఆ తరువాత డ్వాక్రా సంఘం అప్పు, బ్యాంకులో బంగారం మీద అప్పు. చీటీ ఉంటే పాడుకోవచ్చు గాని, మొదటి నెలల్లో పాట ఎక్కువకు పోతుంది కనుక చేతికి వచ్చేదెంతో లెక్క వేసుకున్నాకే పాడాలి. ఊళ్లో మూడు రూపాయల వడ్డీ అంటే వినడానికి చిన్నగా ఉంటుంది. ఏడాదికి అది 36 శాతం. ఫోనులో నిమిషాల మీద ఇచ్చే యాప్ అప్పుల జోలికి పోవద్దు. శ్లాబు కారితే బకెట్ పెట్టుకోవచ్చు, వసూలు కోసం వాళ్లు పెట్టే వేధింపుకు పెట్టుకునే బకెట్ ఉండదు.

బీమా గురించి మన జిల్లాల్లో మాట్లాడేవారు తక్కువ. 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలు భారత్ గృహ రక్షా పేరుతో ఒకే రకమైన షరతులున్న పాలసీ ఇస్తున్నాయి. అగ్నిప్రమాదం, పిడుగు, తుపాను, వరద, భూకంపంతో పాటు ట్యాంకులు, గొట్టాలు పగలడం వల్ల జరిగే నష్టం కూడా అందులో ఉంటుంది. ఇంటి కట్టడానికి పాలసీ తీసుకుంటే, ఆ మొత్తంలో 20 శాతం వరకు, 10 లక్షలు మించకుండా, ఇంట్లోని సామానుకు కూడా రక్షణ దానంతట అదే వస్తుంది. లెక్క కట్టవలసింది తిరిగి కట్టడానికి అయ్యే ఖర్చునే గాని స్థలం విలువను కాదు. అయితే వాడకం వల్ల, కాలం గడిచి పాడైనదానికి బీమా రాదు. తుపానుకు రేకు ఎగిరితే వస్తుంది, పదేళ్లుగా కారుతున్న శ్లాబుకు రాదు. ముందు తీసి పెట్టుకున్న ఫొటోలు ఇక్కడ పనికొస్తాయి. తుపాను తరువాత సచివాలయ, రెవెన్యూ సిబ్బంది నష్టం రాసుకోవడానికి వచ్చినప్పుడూ పనికొస్తాయి. విపత్తు సహాయ నిధి కింద 2022–26 కాలానికి కేంద్రం పెట్టిన ప్రమాణాల ప్రకారం, కనీసం 15 శాతం దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500 రూపాయలు. ఆ సొమ్ముతో ఇల్లు బాగుపడదు గాని జాబితాలో పేరు ఉండటం అవసరమే.

అద్దె ఇంట్లో ఉన్నవారికి ఒక మాట. ఇంటి యజమాని చేయించవలసిన మరమ్మతును, నోటీసు ఇచ్చిన తరువాత తగిన గడువులో చేయించకపోతే, అద్దెకున్నవారు తామే చేయించి ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకునే హక్కును 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను ఇస్తుంది, ఒప్పందంలో మరోలా రాసుకోకపోతే. నోటి మాట కాకుండా వాట్సాప్‌లోనైనా రాసి పంపి, రసీదులు దాచుకోవాలి.

మేస్త్రీతో మాట్లాడుకునే తీరు మీద కూడా ఖర్చు ఆధారపడుతుంది. కొలతకు అందే ప్లాస్టరింగు వంటి పనిని చదరపు అడుగు లెక్కన ఇవ్వాలి. ఎంత చెక్కాలో, ఎక్కడ తేలుతుందో తెలియని లీకు పనిని రోజు కూలికి పెట్టి దగ్గరుండి చూసుకోవాలి. అలాంటి పనిని గుత్తకు ఇస్తే కారణం దొరక్కముందే పని పూర్తవుతుంది. సామాను మీరే కొని బిల్లు ఉంచుకోండి. శ్లాబు పనిలో కొంత మొత్తం తొలి వాన దాకా ఆపుకుంటామని పనికి ముందే చెప్పండి, చివర్లో చెబితే అది తగాదా అవుతుంది. మంచి మేస్త్రీలు చాలామంది మన ఊళ్ల నుంచి హైదరాబాదు, చెన్నై, విశాఖ పనులకు వలస వెళ్తారు, సంక్రాంతికి ఇళ్లకు వస్తారు. కనుమ దాటాక వాళ్లు తిరిగి రైలెక్కే లోపు ఉండే కొద్ది రోజులూ ఇల్లు చూపించి అంచనా వేయించుకోవడానికి మంచి సమయం.

వచ్చే ఖర్చుకు ఎంత దాచాలి అంటే, స్థలం విలువ తీసేసి ఇల్లు కట్టడానికి ఇప్పుడయ్యే ఖర్చులో ఏడాదికి ఒక శాతం, ఇరవై ఏళ్లు దాటిన ఇంటికి రెండు శాతం అని నేను లెక్క పెట్టుకున్నాను. కట్టడం ఖర్చు 20 లక్షలనుకుంటే ఒక శాతం 20,000, నెలకు సుమారు 1,700. ఇది పండగ బట్టలకో, ఫోనుకో కలిసిపోని వేరే ఖాతాలో ఉండాలి. మా ఇంట్లో ఆ ఖాతా పుస్తకంతో పాటు ఒక నోటు పుస్తకం ఉంది. మోటారు ఎప్పుడు కొన్నాం, సెప్టిక్ ట్యాంకు ఎప్పుడు తీయించాం, గోడలో గొట్టం ఏ వైపు నుంచి దిగుతుంది అన్నవి అందులో రాసి ఉంటాయి. మొదటి పేజీలో ట్యాంకు వాల్వు బొమ్మ వేసి, ఏ పక్కకు తిప్పితే మూసుకుంటుందో బాణం గుర్తు పెట్టాను.