మొదటిసారి చించిల్లా షోకు వెళ్తున్నారా? ముందు చూడటం నేర్చుకోండి

మొదటి షోకు మీ చించిల్లాను ఇంట్లోనే ఉంచి, మీరు మాత్రం వెళ్లండి. అమెరికాలో ఉంటూ చించిల్లాలు పెంచుకుంటున్న మనవాళ్లు ఎవరడిగినా నేను మొదట చెప్పేది ఇదే. చించిల్లా అంటే ఎలుక జాతికి చెందిన, ఒత్తైన మెత్తటి బొచ్చుండే చిన్న జంతువు. షో అంటే వాటి రంగు, బొచ్చు, ఒళ్లు చూసి జడ్జి స్థానాలు ఇచ్చే పోటీ. అది వెంట ఉంటే దాని టెన్షనే సరిపోతుంది. నీళ్లు తాగిందా, కారులో వేడి తగిలిందా, బోను తలుపు సరిగ్గా పడిందా అని రోజంతా అటే చూస్తుంటాం. షోలో నేర్చుకోవాల్సింది మాత్రం జడ్జి టేబుల్ దగ్గర ఉంటుంది. మొదటిసారి మీ కళ్లన్నీ అక్కడే ఉండాలి.

మేం ఒహాయోలో, కొలంబస్ శివార్లలో ఉంటాం. మా ఇంట్లో రెండు చించిల్లాలు. ఒకటి మామూలు బూడిద రంగుది, దాన్నే స్టాండర్డ్ అంటారు. దాని పేరు బూడిద. రెండోది పొట్టతో సహా నల్లగా ఉండే ఎబొనీ, పేరు మినుము. రెండు పేర్లూ మా అమ్మాయి పెట్టినవే.

ఇక్కడ షోలు నడిపే పెద్ద సంఘాలు రెండు: ఎంప్రెస్ చించిల్లా బ్రీడర్స్ కోఆపరేటివ్, మ్యూటేషన్ చించిల్లా బ్రీడర్స్ అసోసియేషన్. మీ దగ్గర్లో షో ఎప్పుడుందో వాళ్లను అడిగితే తెలుస్తుంది. షోలు ఎక్కువగా చలికాలం చుట్టూనే పెడతారు. చించిల్లా ఒంటి మీద వెంట్రుకలు ఎంత ఒత్తుగా ఉంటాయంటే, ఒక్కో కుదురులోంచి 50 దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే వస్తాయి. అందుకే 25 డిగ్రీల సెల్సియస్ దాటితే దానికి ప్రమాదం మొదలవుతుంది, వడదెబ్బకు ప్రాణం పోవచ్చు. చలికాలంలో బొచ్చు కూడా చక్కగా ఎదిగి ఉంటుంది. హాల్లో హీటర్ పెద్దగా పెట్టరు కాబట్టి స్వెట్టర్ తప్పనిసరిగా వేసుకోండి. పిల్లల్ని తీసుకెళ్తే వాళ్లకు రెండు పొరలు వేయండి. చాలా షోలు ఊరి చివర ఫెయిర్‌గ్రౌండ్ హాళ్లలో జరుగుతాయి. అక్కడ హాట్‌డాగ్ తప్ప ఇంకేమీ దొరకకపోవచ్చు, శాకాహారులైతే డబ్బాలో పులిహోర పట్టుకెళ్లడం మంచిది. మేమైతే ఎప్పుడూ అదే చేస్తాం.

సెంటు కొట్టుకోకండి. ఎవరి బోనులోనూ వేలు పెట్టకండి. ముట్టుకోవాలనిపిస్తే యజమానిని అడగండి, వద్దంటే నొచ్చుకోకండి. టేబుల్ మీదికి వెళ్లబోయే జంతువును ఎవరైనా నిమిరితే వాళ్లు పొద్దున్నుంచీ దువ్వి నిలబెట్టిన బొచ్చు అణిగిపోతుంది. పైగా భయపడితే చించిల్లా పట్టుకున్నచోట బొచ్చును గుప్పెడు వదిలేసి తప్పించుకుంటుంది. అడవిలో నక్క నోట్లోంచి బయటపడటానికి దానికి పుట్టుకతో వచ్చిన ఉపాయం అది. షో రోజున అలా జరిగితే యజమాని నెలల శ్రమ పోయినట్టే.

ఇక టేబుల్ సంగతి. దానికి కాస్త పైన తెల్లటి ట్యూబ్‌లైట్లు వేలాడుతుంటాయి. ఒక రంగువి, ఒక వయసువి, మగవి వేరుగా ఆడవి వేరుగా కొన్ని జంతువుల్ని చిన్న షో బోనుల్లో వరసగా తెచ్చి పెడతారు. అలాంటి ఒక్కో గుంపును క్లాసు అంటారు. బోను మీద నంబరే ఉంటుంది, యజమాని పేరుండదు. జడ్జికి అవి ఎవరివో తెలియకూడదు కాబట్టి, మీకు తెలిసినవాళ్ల జంతువు టేబుల్ మీదికి వచ్చినా పేరు పెట్టి పిలవకండి, చప్పట్లు కొట్టకండి. జడ్జి బోనుల్ని అటూ ఇటూ జరుపుతూ ఒకదాని పక్కన ఇంకొకటి పెట్టి చూస్తారు. కొన్నింటిని తోక మొదలు దగ్గర పట్టుకుని, కింద రెండో చెయ్యి ఆనించి బయటికి తీస్తారు. బొచ్చులోకి మెల్లగా ఊది లోపలి రంగు చూస్తారు. చివరికి బోనులు వరస మారి మొదటి, రెండో, మూడో స్థానాలు తేలతాయి. క్లాసుల్లో గెలిచినవి తర్వాత మళ్లీ టేబుల్ మీదికి వస్తాయి. ఒక్కో రంగుకు ఛాంపియన్, వాటిలోంచి ఆ షోకు ఛాంపియన్ అలా తేలుతారు.

పట్టుచీర కొనేటప్పుడు దుకాణం లైటు కింద ఒక్కటే చూస్తే అసలు రంగు తెలియదు కదా. ఇంకో రెండు పక్కన పరిస్తే గానీ ఇది కాస్త పసుపు కొడుతోందని పట్టుబడదు. ఇక్కడ కూడా అంతే. మా బూడిదను ఇంట్లో ఎన్ని వందలసార్లు చూసినా నాకు బూడిద రంగే కనిపించేది. టేబుల్ మీద స్టాండర్డ్‌లు వరసగా ఉన్నప్పుడు మాత్రం ఒకటి నీలి మెరుపుతో చల్లగా, పక్కది కాస్త ఎర్రటి ఛాయతో మురికిగా కనిపిస్తాయి. జడ్జిలు క్లారిటీ అనేది ఆ నీలి స్వచ్ఛతనే. ఎరుపో పసుపో కొట్టే ఛాయను క్యాస్ట్ అంటారు. అది ఉంటే ఎంత పెద్ద జంతువైనా వెనక్కి పోవచ్చు.

స్టాండర్డ్ చించిల్లా ఒక్క వెంట్రుకలోనే మూడు రంగులుంటాయి. మొదట్లో ముదురు నీలి బూడిద, మధ్యలో తెల్లటి పట్టీ, కొసన నలుపు. ఆ నల్ల కొసలన్నీ కలిసి పైన పరుచుకున్న తెరను వెయిలింగ్ అంటారు. అది వీపు మీద నుంచి పక్కలకు ఎంత దూరం సమంగా దిగిందో చూడండి. పొట్ట తెలుపు, పక్కల బూడిద కలిసే గీత స్పష్టంగా ఉండాలి, ఒకదానిలోకి ఇంకొకటి చెరిగినట్టు ఉండకూడదు. తర్వాత ఒళ్లు చూడండి. పైనుంచి చూస్తే భుజాలూ నడుమూ దాదాపు ఒకే వెడల్పుతో దిట్టంగా ఉండాలి, మెడ విడిగా కనిపించకూడదు. దీన్నే బ్లాకీ అంటారు. బొచ్చు ఒత్తుగా, నిటారుగా నిలబడాలి. మెడ దగ్గర బాగున్నా తొడల దగ్గర పల్చబడే జంతువులు చాలా ఉంటాయి, జడ్జి వేళ్లు అక్కడ ఆగుతాయి, గమనించండి. చివరిది ప్రైమ్, అంటే బొచ్చు పూర్తిగా ఎదిగిన దశ. అదే జంతువు రెండు నెలల క్రితం ఇంకోలా ఉండి ఉండవచ్చు. ఓడినదంతా చెడ్డ జంతువని అనుకోనక్కర్లేదు.

నేర్చుకోవడానికి నాకు అన్నిటికన్నా పనికొచ్చిన పద్ధతి ఒకటుంది. చిన్న నోట్‌బుక్ పట్టుకెళ్లండి. బోనులు టేబుల్ మీదికి రాగానే, జడ్జి వరస తేల్చకముందే, మీ వరస మీరు రాసేయండి. తర్వాత జడ్జి వరస దాని పక్కన రాయండి. చాలామంది జడ్జిలు క్లాసు అయ్యాక ఒక్కో జంతువు గురించి కారణం చెబుతారు, ఆ మాటలు కూడా రాసుకోండి. పొద్దున మీ వరసకూ వాళ్ల వరసకూ పొంతన ఉండదు. అందరికీ అంతే. స్టాండర్డ్ క్లాసులన్నీ ఓపిగ్గా చూస్తే మధ్యాహ్నానికి కనీసం అట్టడుగున ఏది ఉండబోతోందో తెలుస్తుంది. అక్కడి నుంచి కన్ను పైకి ఎక్కుతుంది. నల్ల ముసుగూ నల్ల వీపూ ఉండే బ్లాక్ వెల్వెట్, బీజ్, వైట్, వయొలెట్ క్లాసులు చూడముచ్చటగా ఉంటాయి, కానీ కన్ను స్టాండర్డ్‌ల దగ్గరే కుదురుతుంది. మొదట అక్కడే నిలబడండి.

ఇంకో విషయం ముందే తెలిసి వెళ్లడం మంచిది. ఈ షోలు పుట్టింది బొచ్చు కోసం చించిల్లాలను పెంచిన రైతుల మధ్య. మాథియాస్ చాప్‌మన్ అనే గనుల ఇంజనీర్ 1923లో దక్షిణ అమెరికా ఆండీస్ కొండల నుంచి 11 చించిల్లాలను, దారిలో మంచుగడ్డలతో చల్లబరుస్తూ, ఓడలో కాలిఫోర్నియాకు తెచ్చాడు. ఈరోజు ఇక్కడి ఇళ్లలో ఉన్నవాటిలో చాలావరకు వాటి సంతతే. అడవిలో ఉన్నవి వేట వల్ల దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. చిలీలో ఇల్లపెల్ దగ్గర వాటికోసం 1983లో ఒక రక్షిత ప్రాంతం పెట్టారు. షో హాల్లో మీ పక్కన కూర్చున్నాయన ఇప్పటికీ బొచ్చు వ్యాపారంలో ఉండవచ్చు. నాకు ఆ వ్యాపారం నచ్చదు, నచ్చదని నెమ్మదిగా చెబుతాను కూడా. కానీ చించిల్లా ఆరోగ్యం గురించి, పళ్ల గురించి, పుట్టే పిల్లల గురించి వాళ్లకున్న అనుభవం విలువైనది, అడిగితే దాచుకోకుండా చెబుతారు. వాదన పెట్టుకోవడానికి షో తగిన చోటు కాదు. మీ మనసుకు అది భారమైతే, ఇంట్లో ముద్దుగా పెంచుకునేవాళ్లు ఎక్కువగా వచ్చే షో ఏదో ముందే కనుక్కుని దానికి వెళ్లండి.

హాల్లో ఒక పక్క అమ్మకాల టేబుళ్లు ఉంటాయి. చించిల్లాలు నీళ్లకు బదులు పొర్లి స్నానం చేసే మెత్తటి దుమ్ము, గడ్డి, చెక్క మెట్లు బయటికన్నా చవగ్గా దొరకవచ్చు. అమ్మకానికి చించిల్లాలు కూడా ఉంటాయి. చివరి క్లాసు అయ్యేదాకా పర్సు తీయకండి, అప్పటికి మీ చూపు పొద్దుటిలా ఉండదు. కొనేముందు పుట్టిన తేదీ, తల్లిదండ్రుల రంగులు, బరువు, ఏ పెల్లెట్లు, అంటే గుళికల మేత, తింటోందో అడిగి రాసుకోండి. అవే పెల్లెట్లు ఒక సంచి అడిగి తెచ్చుకోండి, మేత ఒక్కసారిగా మారిస్తే దానికి కడుపు పాడవుతుంది. గడ్డం తడిగా ఉంటే వద్దనండి, అది పళ్ల జబ్బుకు గుర్తు కావచ్చు. దాని పళ్లు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి. పిల్లలు పెట్టించాలనుకుంటే వెల్వెట్‌కు వెల్వెట్‌నూ, వైట్‌కు వైట్‌నూ కలపకూడదని గుర్తుంచుకోండి. ఆ జన్యువు రెండు వైపుల నుంచీ వస్తే పిండం బతకదు. అమ్మేవాళ్లను ఈ ప్రశ్న అడిగి చూడండి. తడుముకుంటే అక్కడ కొనొద్దు. ఇది 15, 20 ఏళ్లు బతికే జంతువు. మీ పిల్లలు కాలేజీకి వెళ్లాక కూడా మీతోనే ఉంటుంది.

షో ఫోటోలు పంపినప్పుడల్లా బెజవాడలో ఉన్న మా పిన్ని కొడుకు అడుగుతాడు, "అక్కా, ఇక్కడ ఏసీ గదిలో పెట్టి పెంచుకుంటా, ఒకటి చూడవా?" అని. వద్దురా అనే చెబుతాను. మే నెల మధ్యాహ్నం కరెంటు పోతే, ఇన్వర్టర్ మీద ఏసీ నడవకపోతే, దానికి ఎక్కువ గంటలుండవు. మన ఊళ్లలో చించిల్లా కొనాలనుకునే వాళ్లందరికీ నా మాట ఇదే.

ఇంటికి రాగానే చేతులు కడుక్కుని, బట్టలు మార్చుకుని, ఆ తర్వాతే మీ చించిల్లా దగ్గరికి వెళ్లండి. అన్ని జంతువులు ఒకచోట చేరినప్పుడు చర్మానికి పట్టే ఫంగస్ బట్టల మీద కూడా రావచ్చు. కొత్తదాన్ని కొనుక్కొస్తే కనీసం మూడు నాలుగు వారాలు వేరే గదిలో పెట్టండి. మేత, నీళ్లు మొదట పాతదానికి ఇచ్చి, తర్వాత కొత్తదాని దగ్గరికి వెళ్లండి.

మరుసటి షోకు మీదాన్ని తీసుకెళ్లాలనిపిస్తే ఈ షో హాల్లోనే ఎవరైనా పెంపకందారును మాట్లాడుకోండి. షో బోను అద్దెకో అరువుకో ఇస్తారా, ఎంట్రీ ఫారం ఎప్పటిలోగా పంపాలి, జంతువుల్ని ఎన్ని గంటలకు అప్పగించాలి అని అడగండి. దువ్వడానికి వాడే ప్రత్యేకమైన దువ్వెన ఎలా పట్టుకోవాలో చేత్తో చేసి చూపించమనండి, మాటల్లో అర్థం కాదు. షోకు ముందు కొన్ని రోజులు రోజూ దుమ్ముస్నానం చేయించాలి, టేబుల్ ఎక్కేముందు ఆ దుమ్మంతా బొచ్చులోంచి పోవాలి. తడి మాత్రం తగలనివ్వకండి. ప్రయాణమంతా కారులో ఏసీ ఉండాలి, కాఫీకి దిగినా ఒకరు దాని దగ్గరే ఉండాలి. మినుమును తీసుకెళ్లినప్పుడు కాఫీకి మా ఆయన దిగితే నేను కారులోనే ఉంటాను.