వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లను ఒకవాంగో అడవిలో క్యాంపింగ్ సఫారీకి తీసుకెళ్లడం ఎలా?

"మా దగ్గర వీల్‌చైర్ వాళ్లకు అన్ని ఏర్పాట్లూ ఉన్నాయండీ" అని సఫారీ కంపెనీవాళ్లు అనగానే అడ్వాన్సు పంపేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఏమేం ఉన్నాయో అడగరు. అడిగితే గుడారం తలుపు వెడల్పుగా ఉందంటారు, టాయిలెట్లో పట్టుకోవడానికి రాడ్డు ఉందంటారు. మరి జీపెక్కేదెలాగయ్యా అంటే, "దాందేముంది, మా కుర్రాళ్లు నలుగురు పట్టి ఎత్తేస్తారు" అంటారు. ఆ మాట వినబడితే ఫోన్ పెట్టేసి ఇంకో కంపెనీని చూసుకోండి.

మా బావకు వెన్నుపూస దెబ్బతిని నడుము కింద స్పర్శ లేదు. నేను బోట్స్వానాలో ఉంటున్నాను కాబట్టి ముందు ఆయన్ని, తర్వాత ఆయన స్నేహితుల్ని, ఆపైన వాళ్లు పంపినవాళ్లని అడవికి తీసుకెళ్లే పని నా మీదే పడింది. కింద రాసిందంతా అలా చేసి తెలుసుకున్నదే.

1. దారి, కాలం

మౌన్ ఊళ్లో మొదలుపెట్టి మోరేమీ, ఖ్వాయ్, సవూటీ అడవుల మీదుగా కసానే ఊళ్లో ముగించండి. తిరగేసి కసానే నుంచి కూడా తిప్పుతారు, వద్దు. ఇసుక బాటల్లో ఒళ్లు హూనమయ్యాక చివర్లో చోబే నది మీద కుదుపుల్లేని పడవ ప్రయాణం ఉండి తీరాలి.

జూన్ నుంచి ఆగస్టు దాకా వెళ్లండి. అప్పుడు ఇక్కడ చినుకు పడదు, కానీ ఒకవాంగో నది పాయలుగా చీలిపోయే ఈ డెల్టా నిండా నీళ్లుంటాయి. ఎక్కడో అంగోలా ఎత్తు ప్రాంతాల్లో కురిసిన వాన నెలల తరబడి నడిచి నడిచి ఏడాది మధ్యకు ఇక్కడికి చేరుతుంది. బాటలు పొడిగా ఉంటాయి, జంతువులు నీళ్ల దగ్గరే దొరుకుతాయి. అక్టోబరులో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. జనవరి, ఫిబ్రవరుల్లో దారిలోని మబాబే దగ్గర నల్లరేగడి బురదలో జీపే కూరుకుపోతుంది, ఇక వీల్‌చైర్ సంగతి చెప్పక్కర్లేదు.

దక్షిణాఫ్రికాలోని క్రూగర్ చాలదా అని అడుగుతారు. తారు రోడ్లు, కంచె వేసిన క్యాంపులు, స్కుకూజా లాంటి చోట్ల వీల్‌చైర్‌కు తగ్గట్టు కట్టిన గదులు ఉంటాయి. భయంగా ఉంటే ముందు అక్కడికే వెళ్లిరండి. మోరేమీ క్యాంపులకు మాత్రం కంచె ఉండదు. ఏనుగు మీ గుడారం పక్కనుంచే నడిచి వెళ్తుంది. నేను రాస్తున్నది అది కావాలనుకునేవాళ్ల కోసం.

2. సామాన్లు

చేత్తో నడిపే కుర్చీ తీసుకెళ్లండి. బ్యాటరీ కుర్చీ బరువుకు ఇసుకలో దిగబడుతుంది, అడవి లోపలికి వెళ్లే చిన్న విమానాల్లో పట్టదు. టైర్లు గాలి కొట్టే పనిలేని గట్టి రబ్బరువై ఉండాలి. ఇక్కడ తుమ్మ జాతి చెట్ల ముళ్లు వేలంత పొడవుంటాయి. అవి చాలవన్నట్టు మన చేలగట్ల మీది పల్లేరు కాయలు ఇక్కడి ఇసుకలోనూ ఉన్నాయి. పాదాల పలక దగ్గర తగిలించే పెద్ద మూడో చక్రం ఒకటి కొనండి. అది ముందున్న చిన్న చక్రాలను నేల నుంచి పైకి లేపుతుంది. అది లేకపోతే ఇసుకలో కుర్చీని వెనక్కి తిప్పి లాగడమే గతి.

ఇవి కాక రెండు కుషన్లు (రెండెందుకో కింద చెప్తాను), జారుడు చెక్క (కుర్చీకీ సీటుకూ మధ్య వంతెనలా వేసే నున్నటి పలక), అడుగు లేని కమోడ్ కుర్చీ, లెక్కకు రెండింతలు కెథీటర్లు (మూత్రం గొట్టాలు), ప్రాణం మీదికొస్తే విమానంలో ఆసుపత్రికి తరలించే ఖర్చు ఇచ్చే బీమా ఉండాలి. మలేరియా మాత్రలు మీ డాక్టరును అడిగే వేసుకోండి. డాక్సీసైక్లిన్‌తో చర్మం ఎండకు త్వరగా కమిలిపోతుంది, ఫిట్స్ ఉన్నవాళ్లు మెఫ్లోక్విన్ వాడకూడదు. దారిలో నైరోబీలో దిగి రెండు రోజులు ఊరు చూసే ఆలోచన ఉంటే పది రోజుల ముందే ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోండి. లేకపోతే తిరిగొచ్చాక ఇండియాలో ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు.

3. గుడారం

గుడారం పెద్ద విషయం కాదు. నిలబడి లోపలికి నడిచేంత ఎత్తు, జిప్పు దగ్గర అడ్డం రాని గడప, కుర్చీకి సమానమైన ఎత్తులో మంచం ఉంటే చాలు. గుడారం నుంచి టాయిలెట్‌కూ, చలిమంటకూ రబ్బరు పట్టాలో ప్లైవుడ్ పలకలో పరిపించండి. టాయిలెట్ అంటే గొయ్యి, చుట్టూ గుడ్డ. గొయ్యి మీద కమోడ్ కుర్చీ పెడితే కాళ్లు ఇసుకలో దిగి ఒరిగిపోతుంది, కాబట్టి కింద నడుమ కోసిన చెక్క వేయించండి.

4. జీపెక్కడం

అందరూ చెడగొట్టేది ఈ పనినే, అందుకే తీరిగ్గా చదవండి.

ఉదయం ఒక సఫారీ, సాయంత్రం ఒకటి. అంటే రోజుకు రెండుసార్లు ఎక్కడం, రెండుసార్లు దిగడం. వారానికి 28 సార్లు, దారిలో టాయిలెట్ కోసం దిగేవి వేరే. ఒకసారి ఎత్తితే ఏమీ కాకపోవచ్చు. అన్నిసార్లు చంకల్లో చేతులేసి ఎత్తితే భుజాలు పోతాయి, వీల్‌చైర్ మనిషికి కాళ్లూ చేతులూ రెండూ ఆ భుజాలే. పిరుదులు తలుపు అంచుకు రాసుకుంటాయి, స్పర్శ లేదు కాబట్టి నొప్పి తెలియదు. రాత్రి చూస్తే తోలు లేచిపోయి ఉంటుంది. ఎత్తేవాళ్ల కాళ్ల కింద మెత్తటి ఇసుక, మధ్యలో కుర్చీ మనిషి కాళ్లు వాటంతటవే బిగుసుకుని ఒక్కసారి తన్నుకుంటే మనిషి మనిషంతా కింద పడతాడు.

రెండో పద్ధతి హైడ్రాలిక్ లిఫ్టు. ఫోటోల్లో బ్రహ్మాండంగా ఉంటుంది. దుమ్ము పట్టి సవూటీలో అది మొరాయిస్తే బాగుచేసే షెడ్డు అక్కడ ఎక్కడుంది? చేత్తో కొట్టే పంపు కూడా ఉందంటేనే ఒప్పుకోండి. నన్నడిగితే ర్యాంపే. అల్యూమినియం రేకుకు పాడయ్యేదేముంది?

ర్యాంపు పొడవు లెక్క ముందే చూసుకోండి. జీపు నేల ఎత్తు 75 సెంటీమీటర్లనుకుందాం. భవనాల్లో వాడే ఒకటికి పన్నెండు వాలైతే 9 మీటర్ల ర్యాంపు కావాలి, అడవిలో కుదరదు. ఇద్దరు సాయం ఉంటే ఒకటికి నాలుగు దాకా పోవచ్చు, అంటే 3 మీటర్లు. ఇంకా తగ్గాలంటే జీపు వెనక చక్రాలు పల్లంలోకి దిగేలా ఆపించి ర్యాంపు కొసను గట్టు మీద పెట్టించండి. తెలిసిన డ్రైవరు చెప్పకముందే అలాంటి చోటు వెతుకుతాడు.

ఎక్కించే ముందు ఇంజిన్ ఆపాలి, హ్యాండ్‌బ్రేకు వేయాలి, గేర్లో పెట్టాలి, చక్రాల కింద కట్టెలు పెట్టాలి. డ్రైవరు కిందికి దిగి చుట్టూ పొదలు చూడాలి. ఎక్కేటప్పుడైనా దిగేటప్పుడైనా కుర్చీలో మనిషి ముఖం జీపువైపే ఉండాలి, అంటే దిగడం వెనక్కి. పైనున్నవాడు కుర్చీ ఫ్రేముకు కట్టిన పట్టీ లాగుతాడు, కిందివాడు తోస్తాడు. వెనక్కి పడకుండా ఉండే చిన్న చక్రాలు ర్యాంపు మొదట్లో నేలకు తన్ని ఇరుక్కుంటాయి, వాటిని ముందే తీసేయండి. అవి తీశాక కిందివాడు చెయ్యి వదిలాడో, కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. ఏనుగొచ్చిందని కేక వినబడినా సరే వదలకూడదు.

పైకి చేరాక కుర్చీలోంచి సీటుకు మారాలి. రెండో కుషన్ ఇందుకే. అది ముందే జీపు సీటు మీద పరిచి ఉండాలి, అప్పుడే ఎత్తులు సమానమవుతాయి. కుర్చీని సీటుకు కాస్త ఏటవాలుగా ఆనించి బ్రేకులు వేయండి. ఆ పక్క కుర్చీకున్న చెయ్యి ఆనించే కడ్డీ, పాదాల పలకలు తీసేయండి. జారుడు చెక్క ఒక కొస తొడ కిందికి, ఇంకో కొస సీటు మీదికి. మనిషి ముందుకు వంగి తల ఒకవైపు వంచితే నడుము దానంతటదే రెండోవైపు లేస్తుంది. పేరుకు జారుడు చెక్కే గానీ దాని మీద ఈడ్చకూడదు. కొంచెం లేచి జరగాలి, ఆగాలి, మళ్లీ లేచి జరగాలి. ఒకటి రెండు మూడు అనేది కుర్చీలో మనిషే అనాలి. సాయం చేసేవాడు "రెడీనా సార్?" అంటూ తనే లాగేస్తే బ్యాలెన్సు పోతుంది. మా బావ అయితే "నేననే దాకా చెయ్యి వెయ్యొద్దు" అని మొదటిరోజే అందరికీ చెప్పేస్తాడు.

కూర్చున్నాక ప్యాంటు ముడతలు, వెనక జేబులో పర్సు, కింద నలిగిన కెథీటర్ గొట్టం ఉన్నాయేమో చూడండి. గాలి కుషనైతే ఇంకో తంటా ఉంది. హైదరాబాద్ 540 మీటర్ల ఎత్తులో ఉంటుంది, జోహన్నెస్‌బర్గ్ దాదాపు 1,700, మౌన్ 900 పైచిలుకు. పైకి వెళ్తే కుషన్ రాయిలా గట్టిపడుతుంది, అక్కడ గాలి తీసి మౌన్‌లో దిగితే చప్పబడిపోతుంది. మౌన్‌లో చెయ్యి కిందికి పోనిచ్చి చూడండి. కూర్చునే ఎముకకూ అడుగుకూ మధ్య అంగుళానికి కాస్త తక్కువ సందు ఉండాలి.

వీల్‌చైర్‌నే జీపులో నాలుగు పట్టీలతో బిగించి, అందులోనే కూర్చుని తిరిగే పద్ధతి కూడా ఉంది. ఎత్తు బాగుంటుందని కొందరికి ఇష్టం. నాకు గిట్టదు. మామూలు కుర్చీకి తల ఆనే చోటుండదు, గుంటలో పడ్డప్పుడల్లా మెడ ఊగిపోతుంది. మెడ నిలవని వాళ్లకు, తల ఆనే ప్రత్యేక కుర్చీ వాడేవాళ్లకు అదే నయం, వాళ్ల లెక్క వేరు. బిగించేటప్పుడు పట్టీలు ఫ్రేముకు వేయాలి, చక్రాలకు కాదు. మనిషికి బెల్టు విడిగా ఉండాలి.

ఏ సీటు? మధ్య వరస. వెనక వరస ఎత్తుగా ఉంటుందని అందరూ దాని కోసమే పోట్లాడుకుంటారు, ఎగిరెగిరి పడేది అక్కడే. నడుము నిలవనివాళ్లకు ఛాతీకి అడ్డంగా ఒక పట్టీ, రెండు పక్కలా దుప్పటి చుట్టలు పెట్టండి.

5. తిరిగేటప్పుడు

ఇరవై, ముప్పై నిమిషాలకోసారి జీపాపి, ముందుకు వంగి పిరుదుల మీద బరువు తీయాలి. ఎదురుగా సింహం ఉన్నా సరే. నిజానికి సింహం ఉన్నప్పుడే వీలు, ఎలాగూ జీపు ఆగే ఉంటుంది.

వెన్ను పైభాగంలో దెబ్బ తగిలినవాళ్లకు దెబ్బ కింద చెమట పట్టదు, ఒళ్లు వేడెక్కిపోతుంది. నీళ్ల స్ప్రే, తడిగుడ్డ దగ్గరుంచుకోండి. ఛాతీ ఆరో వెన్నుపూస, అంటే టీ6 దగ్గర గానీ ఆపైన గానీ దెబ్బ తగిలినవాళ్లకు హఠాత్తుగా తల పగిలిపోయే నొప్పి, ముఖం ఎర్రబడటం కనిపిస్తే అది ఎండ దెబ్బ అని పడుకోబెట్టకండి. బీపీ ప్రాణం మీదికి తెచ్చేంత పెరుగుతోందన్నమాట. నిటారుగా కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులు చేసి, ముందు మూత్రం గొట్టం చూడండి. చాలాసార్లు కారణం మడతపడ్డ ఆ గొట్టమే. అప్పటికీ తగ్గకపోతే వాడాల్సిన మందు మీ డాక్టరును అడిగి బయల్దేరేముందే తెచ్చుకోండి, గైడుకూ చెప్పి ఉంచండి.

6. రాత్రి

వీల్‌చైర్ గుడారం లోపలే ఉండాలి. హైనాలు తోలూ రబ్బరూ నమిలేస్తాయి. చీకటి పడ్డాక బయటికి వెళ్లేది లేదు, మూత్రం సీసా మంచం పక్కనే పెట్టుకోండి, పిలవడానికి ఈల మెడలో ఉండాలి.

జూన్, జూలై రాత్రుళ్లు సున్నా దగ్గరికి పడిపోతాయి. క్యాంపువాళ్లు ప్రేమగా పక్కలో వేడినీళ్ల సంచీ పెట్టి వెళ్తారు. స్పర్శ లేని కాలికి అది తగిలితే తెల్లారేసరికి బొబ్బలు. పడుకునే ముందు దుప్పట్లో చెయ్యి పెట్టి వెతికి తీసి బయట పడేయండి. చలిమంట దగ్గరా అంతే, కుర్చీ పాదాల పలక ఇనుముదైతే అది కాలేది ఎవరికీ తెలియదు.

రోజూ రాత్రి టార్చి వేసి పిరుదులు, మడమలు, నడుము ఎముక చూడండి, సిగ్గుపడితే కుదరదు. ఎర్ర మచ్చ ఉండి, అరగంట పక్కకు తిరిగి పడుకున్నా తగ్గకపోతే మర్నాడు సఫారీ లేదు. బోర్లా పడుకుని క్యాంపులో పిట్టల్ని చూడాల్సిందే. డబ్బు కట్టాం కదా అని మా బావా గొణిగాడు, నేను వినలేదు.

కసానే చేరాక పడవ అడుగు చదునుగా ఉన్నదే అడిగి తీసుకోండి. రేవు నుంచి పలక వేస్తే కుర్చీతోనే నేరుగా ఎక్కేయొచ్చు, దిగనక్కర్లేదు. బ్రేకులు వేసి, ఎండ ఏ పక్క తిరుగుతుందో పడవ నడిపేవాణ్ని అడిగి, నీడ ఉండే పక్కనే కూర్చోబెట్టండి. సాయంత్రం పూట ఏనుగులు ఒడ్డుకు దిగుతాయి కాబట్టి మూడింటి పడవకే టికెట్టు తీసుకోండి.